పాత వాల్‌పేపర్ తీసి గోడకు రంగు వేయించాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గోడలకు అంటించిన వాల్‌పేపర్‌ను ఊడదీయడం, ఆ తర్వాత గోడను రంగుకు సిద్ధం చేయడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలలో కొన్నింటిని ఎంచుకొని ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మియాపూర్‌లోని మా ఫ్లాటులో హాలుకూ పడకగదికీ ఒక్కొక్క గోడ చొప్పున ఏడేళ్ల క్రితం వాల్‌పేపర్ వేయించాము. ఇప్పుడది అతుకుల దగ్గర లేచిపోయింది. తీసేసి మామూలు రంగు వేయించాలని అనుకుంటే, పెయింటింగ్ మేస్త్రి “తీయక్కర్లేదమ్మా, దాని మీదే లప్పం పెట్టి రంగు కొట్టేస్తాను” అంటున్నారు. అలా చేయించవచ్చా? లేక తీయించాలంటే ఆ పని మేమే చేసుకోగలమా? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: కాగితం మీదే లప్పం పెట్టించవద్దు. మన ఇళ్లలో వేసే వాల్‌పేపర్లలో ఎక్కువ భాగం పైన పలుచని వినైల్ పొర ఉన్నవే. నున్నని ఆ ప్లాస్టిక్ మీద లప్పానికి పట్టు దొరకదు. పైగా లప్పంలోని తడి అతుకుల గుండా లోపలికి దిగి, ఏడేళ్లుగా ఎండి ఉన్న జిగురును మళ్లీ మెత్తబరుస్తుంది. రంగు వేసిన కొత్తలో గోడ బాగానే కనిపించినా, ఒక వానాకాలం గడిచేసరికి అతుకుల వెంట గీతలు తేలి, బుడగలు లేచి, కాగితంతో సహా రంగు పొరలు పొరలుగా ఊడివస్తుంది. అప్పుడు తీయడం ఇప్పటికన్నా ఎంతో కష్టం, ఎందుకంటే పైన రంగు, లప్పం గట్టిపడి ఉంటే నీరు జిగురు దాకా చేరదు. మేస్త్రి అలా అనడానికీ కారణం ఉంది. రంగు పనికి చదరపు అడుగు లెక్కన కూలి కడతారు, కాగితం ఊడదీసే పనికి ఎవరూ విడిగా కట్టరు. ఆ పనికి కూలి వేరుగా మాట్లాడుకోండి, లేదా ఆ ఒక్క పని మీరే చేసుకోండి. ఇంట్లో ఇద్దరు మనుషులు, ఓపిక ఉంటే అది చేసుకోగలిగిన పనే.

అయితే బకెట్, స్పాంజి తీసుకునే ముందు తెలుసుకోవలసినది కాగితం గురించి కాదు, దాని వెనుక ఉన్న గోడ గురించి. ఎంత నీరు వాడవచ్చో తేల్చేది గోడే. హైదరాబాదు ఫ్లాట్లలో కాగితం వెనుక తెల్ల సిమెంటు పుట్టీ ఉండవచ్చు, సుద్దపొడి కలిపిన పాతకాలపు లప్పం ఉండవచ్చు, జిప్సం పూత ఉండవచ్చు, లేదా నేరుగా సిమెంటు ప్లాస్టరింగ్ మీదే అంటించి ఉండవచ్చు. బీరువా వెనుకో తలుపు వెనుకో, కంటికి కనిపించని చోట జానెడు కాగితం లేపి, తడి చేసిన బొటనవేలితో ఆ గోడను పది పదిహేను సార్లు గట్టిగా రుద్దండి. వేలికి తెల్లని ముద్ద అంటుకొని గోడ గుంటపడితే అది సుద్ద లప్పమో బలహీనమైన డిస్టెంపరో అయి ఉంటుంది. నీటికి అది కరిగిపోతుంది. వేలికి ఏమీ అంటకపోతే అది సిమెంటు పుట్టీ గానీ ఎమల్షన్ రంగు (నీటితో కలిపే ప్లాస్టిక్ పెయింటు) గానీ కావచ్చు, ధైర్యంగా తడపవచ్చు. జిప్సం తడికి మెత్తబడుతుంది కాబట్టి దాని మీద ఎక్కువసేపు నీరు నిలవనీయరాదు.

పని మొదలుపెట్టే ముందు ఆ గదికి వెళ్లే కరెంటును ఎంసీబీ (మెయిన్ బోర్డులోని మీట) దగ్గరే ఆపేయాలి. స్విచ్చుబోర్డు చుట్టూ తడి పని జరుగుతుంది కాబట్టి, స్విచ్చు ఆపితే చాలుననుకోవడం ప్రమాదం. నేల మీద ప్లాస్టిక్ షీటు కన్నా పాత దుప్పట్లు పరవడం మేలు. జిగురునీళ్లు పడిన ప్లాస్టిక్ మీద కాలు జారుతుంది.

మన దగ్గర దొరికే వాల్‌పేపర్ రోల్ వెడల్పు సాధారణంగా 53 సెంటీమీటర్లు, అంటే 21 అంగుళాలు. కాబట్టి గోడ మీద ప్రతి 21 అంగుళాలకూ ఒక నిలువు అతుకు ఉంటుంది. కింది మూలలో ఒక అతుకు దగ్గర గోరుతో అంచు లేపి, కాగితాన్ని మీ వైపుకు కాకుండా గోడకు దాదాపు ఆనించినట్లుగా పైకి నెమ్మదిగా లాగండి. నాన్‌వోవెన్ (నేయకుండా పీచును అదిమి చేసిన) రకమైతే అడుగు భాగంతో సహా నిలువునా ఒకే పట్టీగా వచ్చేస్తుంది. వినైల్ రకమైతే రంగుల పొర మాత్రమే వచ్చి, గోడకు పలుచని తెల్లటి కాగితం మిగిలిపోతుంది. చాలామంది ఇక్కడే పని అయిపోయిందనుకొని ఆ తెల్ల కాగితం మీద ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) కొట్టిస్తారు. అది కూడా పూర్తిగా పోవలసిందే.

చెయ్యి పెట్టగలిగేంత వేడి ఉన్న నీళ్లలో ఒక చెంచాడు గిన్నెలు కడిగే ద్రవం కలిపి, స్పాంజితో గానీ స్ప్రే సీసాతో గానీ ఆ కాగితాన్ని తడపండి. సబ్బు వల్ల నీరు జారిపోకుండా కాగితంలోకి ఇంకుతుంది. పది పదిహేను నిమిషాలు ఆగి, మరొకసారి తడపండి. కాగితం రంగు మారి, వేలితో తోస్తే ముడతపడే స్థితికి వచ్చినప్పుడు వెడల్పాటి పుట్టీ బ్లేడును గోడకు ఏటవాలుగా ఆనించి తోస్తే కాగితం ముద్దముద్దగా వచ్చేస్తుంది. బలంగా తోయవలసి వస్తున్నదంటే తడి చాలలేదని అర్థం. మళ్లీ తడపాలే తప్ప బలం పెంచకూడదు. బ్లేడు గోడలోకి దిగిన ప్రతి గీతనూ తర్వాత పుట్టీతో పూడ్చవలసి వస్తుంది. ఒకేసారి గోడంతా తడిపితే ఒక పక్క గీకుతుండగా మరో పక్క ఆరిపోతుంది, కాబట్టి చెయ్యి చాచినంత మేర మాత్రమే తడుపుతూ సాగండి. పై పొర ఎక్కడైనా మొండికేస్తే ముతక ఉప్పు కాగితంతో ఆ ప్లాస్టిక్ మీద గీతలు పడేలా రుద్ది, అప్పుడు తడపండి. చాకుతో కోయవద్దు.

సుద్ద లప్పం ఉన్న గోడ అయితే ఎంత జాగ్రత్తపడినా కాగితంతో పాటు లప్పమూ వస్తుంది. అలాంటప్పుడు సగం ఉంచి సగం పూడ్చడం కన్నా, ఆ బలహీనమైన పొరను సిమెంటు ప్లాస్టరింగ్ కనబడేదాకా పూర్తిగా గీకించి కొత్తగా పుట్టీ పెట్టించడమే మంచిదని నా అభిప్రాయం. ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ లోపల వదులుగా ఉన్న పొర మీద ఎంత ఖరీదైన రంగు వేసినా ఆ పొరతోనే ఊడిపోతుంది.

కాగితం పోయాక గోడను గోరువెచ్చని నీటితో, నీళ్లు మారుస్తూ, కనీసం రెండు మూడు సార్లు తుడిచి జిగురు వదిలించాలి. అది ఎందుకంత ముఖ్యమో కింద కరీంనగర్ పాఠకుడికి ఇచ్చిన జవాబులో చూడగలరు. తర్వాత కిటికీలు తెరిచి, ఫ్యాను వేసి, ఎండాకాలంలోనైతే రెండు రోజులు, ముసురు పట్టిన రోజుల్లో ఇంకా ఎక్కువ ఆరనివ్వాలి.

ఇక్కడి నుంచి పని మేస్త్రికి అప్పగించవచ్చు. మేకుల రంధ్రాలూ లోతైన గుంటలూ ముందుగా పూడ్చి, ఆరాక పుట్టీ రెండు పూతలు వేయాలి. రెండూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటర్లకు మించితే బీటలిచ్చే ప్రమాదం ఉంది. కింద పాత ఎమల్షన్ రంగు మిగిలి ఉంటే తెల్ల సిమెంటు పుట్టీ దానిని సరిగా పట్టుకోదు; రంగును ఉప్పు కాగితంతో గరుకుగా రుద్ది, ప్రైమర్ వేసి, యాక్రిలిక్ పుట్టీ వాడమనండి. సిమెంటు పుట్టీకి మాత్రం ఒట్టి ప్లాస్టరింగ్ కావాలి, వేసే ముందు గోడను కాస్త తడపాలి. ఒక రాత్రి ఆరాక 180 నంబరు ఉప్పు కాగితంతోనూ, తర్వాత 320తోనూ రుద్దుతారు. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు కాబట్టి రుద్దే మనిషికి ఎన్95 మాస్కు మీరే కొని ఇవ్వండి.

రుద్దడం అయిన రోజు చీకటి పడ్డాక గదిలో లైట్లు ఆపి, టార్చిని గోడకు ఆనించి అడ్డంగా వెలుగు పడేలా పట్టుకొని చూడండి. పగటి వెలుతురులో సమంగా కనిపించిన గోడ మీద బ్లేడు ఆగిన చోట్లు, జిగురు తునకలు, గుంటలు నీడలతో సహా బయటపడతాయి. పెన్సిలుతో గుర్తుపెట్టి మర్నాడు సరిచేయించండి. ఆ తర్వాత తడి గుడ్డతో పొడి తుడిచి ప్రైమర్. ప్రైమర్ వేశాక మళ్లీ ఎక్కడైనా పుట్టీ పెడితే ఆ మచ్చ మీద కూడా తిరిగి ప్రైమర్ పడాలి, లేకపోతే రంగు వేశాక అక్కడ మెరుపు తగ్గి మచ్చగానే కనిపిస్తుంది.

ప్రశ్న: వాల్‌పేపర్ శుభ్రంగా తీయించి, ప్రైమర్, రెండు పూతల ఎమల్షన్ వేయించాము. నెల తిరగకుండానే గోడ మీద సన్నని పగుళ్లు గీతలు గీసినట్లుగా వచ్చి, రంగు రేకులుగా లేస్తున్నది. కాగితం ఎక్కడా మిగల్లేదు. దుకాణదారు రంగు మంచిదే అంటున్నారు, మేస్త్రి రంగుదే లోపం అంటున్నారు. ఎవరిది నిజం? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే తప్పు రంగుది కాకపోవచ్చు. కాగితం పోయినా జిగురు మిగిలిపోయి ఉంటుంది. వాల్‌పేపర్ జిగురు నీటిలో కరిగే పదార్థం. నీటితో కలిపే ప్రైమర్ దాని మీద పడగానే అది మళ్లీ తడిసి ఉబ్బుతుంది, ఆరేటప్పుడు బిగుసుకొని ముడుచుకుపోతుంది, తనతో పాటు పై పూతనూ లాగి చీలుస్తుంది. ఆరిన జిగురు కంటికి కనిపించదు కాబట్టి మేస్త్రిని పూర్తిగా తప్పుపట్టలేము.

జిగురు ఉందో లేదో తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటి ఉంది. రంగు లేచిన చోట రేకు తీసి, కింది గోడను తడి వేలితో రుద్దండి. జారుడుగా, బంకగా తగిలితే జిగురు ఉన్నట్లే. పిండి పదార్థంతో చేసిన జిగురైతే, ఇంట్లో గాయాలకు వాడే అయోడిన్ ద్రావణాన్ని నీటితో పలుచన చేసి ఒక చుక్క వేస్తే నీలం కలిసిన నలుపు రంగుకు మారుతుంది. ఈ రంగు మార్పు పిండి జిగురుకే కనబడుతుంది, మిథైల్ సెల్యులోజ్ జిగురుకు కనబడదు. కనుక రంగు మారనంత మాత్రాన గోడ శుభ్రంగా ఉన్నదని అనుకోవద్దు. వేలితో చూసే పరీక్షనే నమ్మండి.

ఇప్పుడు లేచిన రంగునంతా గీకించాలి. గట్టిగా అంటుకొని ఉన్న భాగాన్ని కూడా, అంచుల దగ్గర బ్లేడు పెట్టి చూసి, లేచేదంతా తీయించాలి. బయటపడిన గోడను వేడినీటితో, నీళ్లలో జారుడుతనం పోయేదాకా తుడిచి, బాగా ఆరనిచ్చి, ఈసారి నీటితో కలిపే ప్రైమర్ కాకుండా టర్పెంటైన్‌తో కలిపే ఆయిల్ ప్రైమర్ వేయించండి. ఎక్కడైనా కొద్దిపాటి జిగురు మిగిలినా, ఈ ప్రైమర్‌లో నీరు ఉండదు కాబట్టి జిగురు ఉబ్బదు. వాసన ఘాటుగా ఉంటుంది. ఆ రెండు రోజులు గదిలో ఎవరూ పడుకోకుండా, కిటికీలు తెరిచి ఉంచండి, దరిదాపుల్లో నిప్పు లేకుండా చూడండి. అది పూర్తిగా ఆరాక మీ దగ్గర మిగిలిన అదే ఎమల్షన్‌ను నిశ్చింతగా వాడుకోవచ్చు.

ప్రశ్న: మాది విశాఖలో బీచ్‌కు దగ్గరగా ఉన్న అపార్ట్‌మెంటు. స్నానాలగదికి ఆనుకొని ఉన్న పడకగది గోడ వాల్‌పేపర్ తీస్తే వెనుక నల్లని బూజు, కింది భాగాన తెల్లని ఉప్పు కనిపించాయి. గోడను ఏం చేయాలి? వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తే సరిపోతుందా? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: సరిపోదు. నీరు గోడలో ఉన్నంతకాలం లోపలి వైపు వేసే ఏ రంగూ దానిని ఆపలేదు. నీరు ఆ రంగునే బుడగలుగా పైకి నెడుతుంది. మీ ఇంట్లో జరిగింది కూడా దాదాపు అదే. చెమ్మ ఉన్న గోడకు వినైల్ కాగితం కప్పడంతో లోపలి తేమ బయటకు పోయే దారి మూసుకుపోయి, జిగురును తిని బూజు పెరిగింది. చెమ్మ మరకలు కనబడకుండా కాగితం అంటించడం మన ఊళ్లలో చాలామంది చేస్తున్న పని. దయచేసి ఎవరూ అలా చేయవద్దు.

ముందుగా తేమ ఎటు నుంచి వస్తున్నదో చూడండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న ప్లాస్టిక్ షీటును గోడకు పెట్టి నాలుగు వైపులా గాలి చొరకుండా టేపు అంటించి, ఒక రోజంతా వదిలేయండి. షీటుకు గోడవైపు నీటిచుక్కలు పట్టి ఉంటే తేమ గోడలోనుంచి వస్తున్నదని, గదివైపు పట్టి ఉంటే గదిలోని గాలి తేమ అని అర్థం. స్నానాలగది పక్క గోడ కాబట్టి మీకు మొదటిదే కావడానికి అవకాశం ఎక్కువ. నేల టైల్స్ మధ్య సందులు, నీరు పోయే జాలీ చుట్టూ ఉన్న అతుకు, గోడలోపలి కుళాయి పైపు, బయటి గోడ బీటలు ఒక్కొక్కటిగా ప్లంబరు చేత చూపించి బాగుచేయించండి. ఆ పని పూర్తికాకుండా గోడ జోలికి పోవద్దు.

బూజును పొడిగా ఉన్నప్పుడు చీపురుతోనో బ్రష్షుతోనో దులపకూడదు, అది గదంతా వ్యాపిస్తుంది. మాస్కు, చేతి తొడుగులు వేసుకొని, ముందు నీళ్లు చల్లి, తడిమీద తుడిచి, తీసిన కాగితాన్ని సంచిలో మూతికట్టి పారేయండి. లీటరు నీటికి 50 నుంచి 100 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరిన నీటిని పూసి, ఒక రాత్రి ఉంచి కడగండి. బాత్రూము శుభ్రం చేసే యాసిడ్‌ను మాత్రం దీనితో ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు. క్లోరిన్ వాయువు పుడుతుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారు ఉంటే ఆ పూట వారిని వేరే చోటికి పంపండి.

ఉప్పు సంగతి వేరు. దానిని పొడి బ్రష్షుతోనే దులపాలి. నీటితో కడిగితే కరిగి తిరిగి గోడలోకే ఇంకి, ఆరినప్పుడు మళ్లీ పైకి వస్తుంది. దులిపిన తర్వాత వేళ్ల కణుపులతో గోడను తట్టి చూడండి. బోలుగా మోగిన మేర ప్లాస్టరింగ్ ఇటుక దాకా కొట్టించి కొత్తగా చేయించాలి. కొత్త సిమెంటు పూతకు వారం పాటు నీళ్లు కొట్టి, మొత్తం మీద 28 రోజులైనా గడిచాక, ప్లాస్టిక్ షీటు పరీక్ష మరొకసారి చేసి, చుక్క కూడా పట్టలేదంటేనే పుట్టీకి పిలవండి. మీ తీరంలో నవంబరు దాకా వానలు, తుపానులు ఉంటాయి కాబట్టి గోడ ఆరడానికి జనవరి తర్వాతి నెలలు అనుకూలం. రంగు వేశాక కూడా బీరువాను ఆ గోడకు నాలుగు వేళ్ల దూరం జరిపి ఉంచండి.

ప్రశ్న: తెనాలిలో మా నాన్నగారు కట్టిన సున్నపు గోడల ఇల్లు ఉంది. పెళ్లి సందర్భంగా ముందుగదికి వాల్‌పేపర్ వేయించాము. తీస్తుంటే దానితో పాటు పెచ్చులు వస్తున్నాయి. లప్పం పెట్టి ప్లాస్టిక్ పెయింటు వేయించమంటున్నారు. (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: ఏటేటా సంక్రాంతికి వేసిన వెల్ల పొరలు ఒకదానిమీద ఒకటి పేరుకొని ఉంటాయి. జిగురు అంటుకున్నది ఆ పై పొరలకే కాబట్టి కాగితంతో అవి వస్తున్నాయి. రానివ్వండి. వదులుగా ఉన్నదంతా గీకి, కొబ్బరిపీచుతో రుద్ది, ఆరాక ఒక సెల్లోటేపు ముక్క గట్టిగా నొక్కి లాగి చూడండి. టేపుకు తెల్లని పొర అంటకుండా వచ్చేదాకా పని పూర్తికానట్లే.

సున్నపు గోడ తనలోని తేమను గాలికి వదులుతూ ఉంటుంది. అలాంటి గోడ పునాదినుంచి కొంత చెమ్మ లాగినా చెడకుండా నిలిచేది అందువల్లనే. దాని మీద సిమెంటు పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు వేస్తే ఆ దారి మూసుకుపోయి, కొన్నేళ్లలో పూత ఉబ్బి రాలుతుంది. పెచ్చులు పోయిన చోట సున్నం, ఇసుక కలిపిన గారతోనే పూడ్పించండి. ఆరాక గోడను కాస్త తడిపి, పలుచని వెల్ల మూడు పూతలు వేయించండి. చేతికి, బట్టకు అంటకుండా అందులో తుమ్మజిగురు కలపడం మన పెద్దలు చేసినదే. రంగు కావాలంటే కావి మన్ను సున్నంలో కలిసి నిలుస్తుంది. సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం కాబట్టి పైకప్పుకు వేసేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో 1962లో కట్టిన ఇల్లు కొన్నాము. మూడు గదులకు పాత వాల్‌పేపర్ ఉంది. స్టీమర్ (ఆవిరి పట్టించే యంత్రం) అద్దెకు తెచ్చి మేమే తీయాలనుకుంటున్నాము. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. (ఒక పాఠకుడు, న్యూజెర్సీ)

జవాబు: పాప ఉన్నదని రాయడం మంచిదైంది. అమెరికాలో ఇళ్లకు వాడే రంగులలో సీసం (లెడ్) వాడకాన్ని నిషేధించింది 1978లో. అంతకు ముందు కట్టిన ఇల్లు కాబట్టి కాగితం కింది రంగులో, తలుపు చట్రాలలో, కిటికీలలో సీసం ఉండే అవకాశం ఉంది. బ్లేడు పెట్టేముందే పరీక్ష చేయించండి. ఉన్నదని తేలితే పొడిగా గీకడం, మిషనుతో రుద్దడం అసలే చేయకూడదు. ఆ పొడి పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. సీసం పనికి ధ్రువపత్రం ఉన్న పనివారికే అప్పగించండి, ఆ రోజుల్లో పాపను వేరే చోట ఉంచండి. భారతదేశంలో ఇంటి రంగులలో సీసం 90 పీపీఎంకు (పది లక్షల భాగాలలో 90 భాగాలకు) మించరాదన్న నిబంధన అమలులోకి వచ్చింది 2017 నవంబరులో. కాబట్టి ఇక్కడి పాత ఇళ్ల తలుపుల ఎనామిల్ పెయింటును రుద్దించే పాఠకులు కూడా తడిపి రుద్దడమే మేలు.

సీసం లేదని తేలితే, గోడ రకం చూడండి. తట్టి చూస్తే బోలుగా మోగేది డ్రైవాల్, అంటే రెండు అట్టల మధ్య జిప్సం. ఆవిరి ఒకేచోట ఎక్కువసేపు పడితే ఆ అట్ట మెత్తబడి కాగితంతో పాటే చిరుగుతుంది. స్టీమర్ కన్నా వేడినీళ్ల స్ప్రేతో కొంచెం కొంచెంగా తడపడం క్షేమం. చిరిగి గోధుమరంగు అట్ట బయటపడిన చోట నీటితో కలిపిన పుట్టీ నేరుగా పెడితే బుడగలు లేస్తాయి. లేచిన అంచులు కోసేసి, ఆయిల్ ప్రైమర్ వేసి ఆరనిచ్చి, తర్వాతే పూడ్చండి.

ప్రశ్న: బెంగళూరులో అద్దె ఇంట్లో ఉంటున్నాము. గోడకు అంటించిన ఇటుకల డిజైను స్టిక్కర్లు ఖాళీ చేసేముందు తీయాలి. లాగితే రంగు కూడా వస్తున్నది. (ఒక పాఠకురాలు, బెంగళూరు)

జవాబు: వీటి జిగురు నీటికి కరగదు, వేడికి మెత్తబడుతుంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రైయరును జానెడు దూరంలో పట్టుకొని ఒక మూలను అర నిమిషం వేడిచేసి, గోడకు ఆనించినట్లుగా నెమ్మదిగా లాగండి. వేడి చల్లారకముందే ముందుకు సాగండి. మిగిలిన బంకను నీలగిరి తైలం అద్దిన గుడ్డతో తుడిచి, సబ్బునీటితో జిడ్డు పోయేలా మళ్లీ తుడవండి, ఎందుకంటే జిడ్డు మీద రంగు పట్టదు. తైలానికి మంట అంటుకునే గుణం ఉంది కాబట్టి డ్రైయరు పని పూర్తిగా ముగించాకే దానిని బయటకు తీయండి. ఎంత చేసినా కొన్నిచోట్ల రంగు ఊడుతుంది. ఆ గుంటల్లో యాక్రిలిక్ పుట్టీ పెట్టి రుద్ది ప్రైమర్ వేసేముందు, ఇంటి యజమానిని అడిగి పాత రంగు కంపెనీ పేరు, షేడ్ నంబరు తెలుసుకోండి. పాత గోడ కొంత వెలిసి ఉంటుంది కాబట్టి మచ్చల వరకే వేయకుండా, ఆ ఒక్క గోడను మూల నుంచి మూల దాకా పూర్తిగా వేయించండి.